నలభై ఆమెన్లు, ఏడు జతల చెప్పులు

కిందటి ఎండాకాలం అనంతపురంలో, మా చర్చి మేడ మీది హాలులో, రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు నలభై మంది కాలేజీ పిల్లలతో ప్రార్థన కూడిక నడిపాను. నడిపిన మాట నిజం. ఐదున్నర కూడా దాదాపు నిజమే, ఆరు అనుకోండి. నలభై మంది మాత్రం అబద్ధం. వచ్చింది ఏడుగురు.

ఈ పని నాకే ఎందుకు అప్పగించారంటే, ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి, మనుషుల్ని ఎక్కించడం, సర్ది కూర్చోబెట్టడం నాకు తెలుసని. సర్వీసు మొత్తంలో ఒక్క తలకాయ లెక్క తప్పలేదని చర్చిలో చాలాసార్లు చెప్పుకున్నాను. రెండుసార్లు తప్పింది. ఆ రెండుసార్లూ చెకింగువాళ్ళే పట్టుకున్నారు.

ఎండాకాలంలో విద్యార్థుల పరిచర్య అంటే ముందు విద్యార్థులు ఉండాలి కదా. పరీక్షలు అయిపోగానే హాస్టళ్ళు ఖాళీ అవుతాయి. మిగిలేది తప్పిన పేపర్లు మళ్ళీ రాసేవాళ్ళు, ఉద్యోగాల కోచింగులో చేరినవాళ్ళు. తొమ్మిది దాటితే రోడ్డు మీద కాలు పెట్టలేం కాబట్టి కూడిక పొద్దున్నే పెట్టాలి. పొద్దున్నే పెడితే వాళ్ళు లేవరు. సాయంత్రం పెడదామంటే కోచింగు. ఆదివారం మధ్యాహ్నం అంటే మాదిరి పరీక్ష. ఇన్నీ సర్దుకుని ఒక వేళ కుదిరిందనుకుంటే ఆ రోజు కరెంటు పోతుంది.

అందరికీ కలిపి వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టించాను. పొద్దున ఒక వాక్యం పెట్టి, "కూడికకు రండి" అని రాస్తే, టపటపా ఆమెన్లు పడేవి. చూసి పొంగిపోయేవాణ్ణి. హాలుకు పోతే చాపలు చుట్టినవి చుట్టినట్టే ఉండేవి. గుత్తి నుంచి వచ్చి ఇంజనీరింగు చదువుతూ నాలుగు పేపర్లు మిగుల్చుకున్నవాడు ఒకడున్నాడు. ఒకరోజు నేను వాడి గది తలుపు కొడుతుండగానే నా చేతిలో ఫోను మోగింది. లోపల పడుకునే ఆమెన్ పెట్టాడు.

"ఏమప్పా, ఆమెన్ పెట్టి పండుకున్నావే?" అన్నాను తలుపు తెరిచాక.

"మనసు ఆడనే ఉండాది తాతా. ఒళ్ళే రాలేదు."

వచ్చిన రోజున వాడు మోకాళ్ళ మీదే నిద్రపోయేవాడు. కళ్ళు మూసుకోమన్నది నేనే కాబట్టి ఏమీ అనలేకపోయేవాణ్ణి.

తప్పకుండా వచ్చేది మడకశిర వైపు పిల్ల ఒక్కతే. గొర్రెలు మేపుకునేవాళ్ళ బిడ్డ, టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. అనంతపురంలో ఆమె ఉండేది రేకుల గది. పది గంటలకల్లా ఆ గదిలో అప్పడం కాలుతుంది. మా హాలులో కూలరు ఉంది, మంచినీళ్ళు ఉన్నాయి. కూడిక అయ్యాక మిగతావాళ్ళు వెళ్ళిపోతే, ఆమె మాత్రం మధ్యాహ్నం రెండు దాకా అక్కడే కూర్చుని చదువుకునేది. వాళ్ళ నాయన ఎండాకాలం ఇంటికి వచ్చేయమని పట్టుబడితే నేనే ఫోనులో మాట్లాడాను.

"ఆ హాలు ఉన్నన్ని దినాలు ఉండనీ సామీ. అది లేదంటే పిల్లను బస్సు ఎక్కించు," అన్నాడాయన.

అదీ సంగతి. హాలు ఉంటే చదువు, లేకపోతే బస్సు.

మే నెల మొదట్లో మా పాస్టరుగారు, అయ్యగారంటాం, నన్ను పిలిచి, "అన్నా, చిన్నపిల్లోళ్ళ వేసవి బైబిలు బడికి మేడమీది హాలు కావల్లంట. మీ కూడికకు ఎంతమంది వస్తాండారు?" అని అడిగారు.

"నలభై," అన్నాను.

ఆ పొద్దున గ్రూపులో నలభై ఆమెన్లు పడ్డాయి. నేను వాటినే చెప్పాను. నిజానికి పడినవి ముప్పై ఒకటి. అందులో నాలుగు ఒక్కడివే. ఇంకొకడు బెంగుళూరు నుంచి పెట్టాడు.

"నలభై మందా? అట్లయితే చిన్నపిల్లోళ్ళను కిందనే సర్దుతాము. గురువారం నేనూ వచ్చి చూస్తా," అన్నారు అయ్యగారు.

చెకింగు వస్తోందని తెలిసిన కండక్టరుకు నిద్ర పట్టదు. నలభై మందిని ఎక్కణ్ణుంచి తేను? బుధవారమంతా గదిగదికీ తిరిగాను. అందరూ వస్తామన్నారు. ఆ మాట విన్నాకే ఎవరూ రారని నాకు గట్టిగా తెలిసిపోయింది. మా చర్చిలో అందరూ మెట్ల కిందే చెప్పులు విడుస్తారు. లోపల ఎంతమంది ఉన్నారో చెప్పులు చూసి చెప్పేయవచ్చు. కాబట్టి మా ఇంట్లో అటక మీది పాత చెప్పులు, పక్కింటివాళ్ళు పడేయబోతున్నవి, అన్నీ గోనెసంచిలో వేసుకుపోయి మెట్ల కింద పరిచాను. ముప్పై మూడు జతలు. కాదులెండి, పదహారు. ఎడంగా పరిచాను.

గురువారం మేము పైన తలలు వంచుకుని ఉండగా కింద అడుగుల చప్పుడు వినిపించింది. మెట్ల దాకా వచ్చి ఆగింది. మళ్ళీ వెనక్కి పోయింది. తరువాత ఎదురుపడినప్పుడు అయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"చెప్పులు చూసే కడుపు నిండిందన్నా. ప్రార్థనలో ఉన్నారు, కదిలించకూడదని పోయినా."

అంత మంచివాణ్ణి మోసం చేయడం సులువే. తరువాత అన్నం సయించదు, అంతే.

ఆ రోజు అందరూ వెళ్ళాక నేను చెప్పులు సంచిలోకి ఎత్తుతుంటే మడకశిర పిల్ల మెట్లు దిగి వచ్చింది.

"తాతా, ఈ చెప్పులు ఎవురివి?"

"వచ్చినవాళ్ళవి."

"కాళ్ళు యాడ?"

నేను సంచి మూతి కట్టాను. ఆమె కదల్లేదు.

"నాకోసరమే చేసినావని తెలుసు తాతా. ఆదివారం నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తే హాలు పోతాది. హాలు పోతే మీ నాయన బస్సు ఎక్కించమంటాడు."

"నాయనకు నేను చెప్పుకుంటా," అంది. అంటూనే చేతిలోని పుస్తకం అంచును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. భయం లేక కాదు.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు లేచి, మేడ మీద నలభై మంది యవ్వనస్థులను దేవుడు లేపుతున్నాడని చెప్పి, సోమవారం పొద్దున వాళ్ళకు స్త్రీల సమాజంవాళ్ళు ఉగ్గాని, బజ్జీలు చేసుకురావాలన్నారు. నలభై మందికి ఉగ్గాని అంటే ఎన్ని బొరుగులు నానబెట్టాలో తెలుసా మీకు? ఆడవాళ్ళ వైపు చూశాను. ఆ పిల్ల చాప మీద చెయ్యి ఆనించి లేవబోతోంది. ఆమెకన్నా ముందు లేవాలని లేచాను. నా మోకాళ్ళకు అది చిన్న పని కాదు.

"సాక్ష్యం చెప్పల్ల అయ్యగారూ. నలభై మంది కాదు. ఒక ఇరవై అయిదు..."

అయ్యగారు చేతిలోని బైబిలు మూశారు.

"అంటే, రోజూ కాదు. పదిహేను..."

"ఇంగా దిగు," అన్నది ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు. నా భార్యది. తన పాత చెప్పులు మెట్ల కాడ ఎందుకున్నాయని గురువారం నుంచే అడుగుతోంది.

"ఏడు," అన్నాను.

"మరి చెప్పులు?" అన్నారు అయ్యగారు.

"మా అటకవి."

ఎవరో నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. కోప్పడినా బాగుండేది. "సోమవారం నుంచి హాలు చిన్నపిల్లోళ్ళకు," అని, బైబిలు తెరిచి వాక్యంలోకి వెళ్ళిపోయారు. రెండు వారాలు నా ముఖం చూడలేదు.

బయటికి వచ్చేసరికి ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి నాయనకు ఫోను చేస్తోంది. "హాలు లేదంట నాయనా," అంటోంది. నా భార్య నా పక్కకు వచ్చింది.

"ఏమయ్యా, ఏడు మందేనా నిజంగా?"

"ఏడే."

"అది ముందే చెప్పి ఉంటే ఏమి పోయింది? నలభై నలభై అని ఊరంతా చాటితివి. ఏడు మందికి మన ముందుగది చాలదా?"

నేను ఆ మాట ఆలోచించనే లేదు. నలభై అని పదిమందికి చెప్పేసరికి నేనూ నమ్మేశాను. నలభై మంది మా ముందుగదిలో ఎలా పడతారు?

నా భార్య పోయి ఆ పిల్ల చేతిలోని ఫోను తీసుకుంది. "హాలు లేదన్నా. మా ఇల్లు ఉండాది. పగలంతా నేను ఇంట్లోనే ఉంటా. కూలరు ఉండాది, కాకుంటే రొద చేస్తాది." అవతల ఏదో అడిగాడు. ఆమె నా వైపు ఒక చూపు చూసి, "ఏడు మందన్నా. లెక్క నేను పెడతా," అంది.

ఆయన ఉండనిమ్మన్నాడు.

అప్పటి నుంచి నా బతుకు చూడండి. ఐదింటికే వాకిలి తీయాలి. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది, ఆ నీళ్ళలో సగం కూలరే తాగుతుంది. గుత్తివాడు ప్రార్థనకు లేవడు కానీ నా భార్య చేసే ఉగ్గాని వాసనకు లేస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను కన్ను మూయబోతానా, ముందుగదిలో ఆ పిల్ల శిశువికాసం పాఠం పైకి చదవడం మొదలుపెడుతుంది. నేను గురక పెడితే ఇంకా పైకి చదువుతుంది.

రెండు వారాల తరువాత ఒక పొద్దున అయ్యగారు మా వాకిట్లోకి వచ్చారు.

"ఎంతమంది అన్నా ఈ పొద్దు?"

"ఎనిమిది," అన్నాను. ఆయన గడప వైపు చూశారు. "నన్ను కలిపితే. గుత్తివాడు రాలేదు, ఆమెన్ పెట్టినాడు. అంటే ఆరు."

ఆయన వంగి గడప ముందున్న చెప్పుల్ని ఒక్కొక్క జతా వేలితో లెక్కపెట్టుకున్నారు. లెక్క సరిపోయాక తన జత పక్కన విడిచి లోపలికి వచ్చారు.