నాలుగు తూటాలు, ముప్పై రెండు కారణాలు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. నేను చెప్పబోయే రోజులకీ ఇవాళ్టికీ మధ్య గడిచిపోయినవి రెండు ఫోన్లు, ఒక ఉద్యోగం, కాస్త జుట్టు మాత్రమే. అయినా ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏది చెడినా దానికి కారణాలుంటాయి, వాటన్నిటినీ కాగితం మీద వరుసగా రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేదే అసలు కారణం. జగిత్యాలలో మెకానికల్ డిప్లొమా ముగించినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఈ నమ్మకం కూడా చేతికొచ్చింది. (సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించాల్సి వచ్చింది. నమ్మకానికి ఆ అవసరం రాలేదు, అది ఎందులో తడిసినా చెడలేదు.)

కోరుట్లలో ఒక ట్రాక్టర్ల షోరూంలో సర్వీసు పనిలో చేరిన కొత్తలో, ఊరి బయట ఉన్న తుపాకీ క్లబ్బులో సభ్యుడినయ్యాను. ఫౌజు నుంచి రిటైరై వచ్చిన ఒకాయన దాన్ని నడిపేవాడు. మేమంతా ఆయన్ని సుబేదార్ సాబ్ అనేవాళ్ళం. అక్కడొక పోటీ ఉంది. వరుసగా నిలబెట్టిన ఆరు ఇనుప పలకలను పడగొట్టాలి. తుపాకీలో మొదట రెండే తూటాలుంటాయి, మిగతా నాలుగూ గడియారం నడుస్తుండగా మనమే నింపుకోవాలి. నడుము పట్టీలోంచి తూటా తీసి, తుపాకీ అడుగున ఉన్న చిన్న మూతను దానితోనే నెట్టి, బొటనవేలితో లోపలికి తోయాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి మాత్రం నాకు ఎన్ని వేళ్ళున్నాయో అన్నీ ఒకదానికొకటి అడ్డం వచ్చేవి. ఆ ఏడాది జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. మందు లేని ఉత్త తూటాలు నాలుగింటిని ఎనిమిది సెకన్లలో నింపినవాడికే ఆ చోటు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిసారి నాకు పద్నాలుగు సెకన్లు పట్టింది. రెండోసారి పదమూడు, అప్పటికి ఒక తూటా నా బూటు మీద ఉంది. ఇక మిగిలింది ఒక్క అవకాశం, అదీ రెండు వారాల్లో.

అదీ పోతే, ఎనిమిదిలోపు ఎవరూ నింపలేదు కాబట్టి, అందరికంటే తక్కువ సమయం పట్టిన ఎరువుల దుకాణం అన్నకే ఆ చోటు. ఆయన క్లబ్బుకు వచ్చేదే ఆదివారం చాయ్ కోసం. పంచె కట్టుకునే వచ్చి తొమ్మిది సెకన్లలో నింపేశాడు. “ఎట్ల చేస్తున్నవన్నా?” అని జేబులోంచి నోటుపుస్తకం తీసి, రాసుకోవడానికి తెరిచి అడిగాను. “ఏమో తమ్మీ, నాకేం ఎరుక. పెట్టాలె, పెడుతున్న” అన్నాడు. తాను చేసేదేమిటో తెలియనివాడి చేతిలో ఓడిపోవడం డిప్లొమాకే అవమానమనిపించింది. ఆ పూటే మూడు గడులు గీశాను: సమస్య, కారణం, నివారణ. వారం తిరిగేసరికి ముప్పై రెండు కారణాలయ్యాయి. మూత స్ప్రింగు బిగువు, పట్టీ వంపు, తూటా ప్లాస్టిక్ నునుపు, గాలిలో తేమ, చెమట, బొటనవేలి గోరు పొడవు (పద్దెనిమిదో కారణం, కుడి గోరు కత్తిరించాక పాయింట్ రెండు సెకన్లు తగ్గింది, మర్నాడు మళ్ళీ పెరిగింది, సమయం, గోరు కాదు). తుపాకీ క్లబ్బు దాటి రాదు కాబట్టి ఇంట్లో సాధనకు ప్లాస్టిక్ పైపు కోసి, అడుగున మూత బిగించి, వడ్రంగి దగ్గర కర్ర తూటాలు చేయించుకున్నాను. పొద్దంతా టకటకమని అవి నేల మీద పడుతుంటే అమ్మ వంటింట్లోంచి అనేది, “దోమల బ్యాటు సక్కగ పట్టుకునుడు రాదు, వీడు తుపాకి పడుతడట!”

ఆ వారంలోనే అమ్మ నా చేతికి పసుపు నింపిన సంచి ఇచ్చి, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉండే మా మేనత్తకు ఇచ్చి రమ్మంది. ఒక్క రోజు సాధన తప్పినా లెక్క తప్పుతుందని పైపు కూడా వెంట తీసుకుపోయాను. బస్సులో పక్కనున్న ముసలాయన దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. “నల్లా పనికి పోతున్నవా కొడుకా?” అన్నాడు. “కాదు తాతా, ఇది తుపాకి” అన్నాను, నిజమే చెప్పాలన్న ఉద్దేశంతో. ఆయన తరువాతి స్టాపులో దిగలేదు గానీ సీటు మాత్రం మారాడు.

అత్త భర్త, మా మామ, సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. అక్కడ వాటిని సాంచాలంటారు. ఎనిమిది సాంచాలు ఆయన ఒక్కడికే. ఇంటికి తాళం ఉంటే నేరుగా ఆ షెడ్డుకే పోయాను. అక్కడ పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అత్త ఒక మూల కూర్చుని కండెలకు దారం చుడుతోంది. సాంచ మీద అటూ ఇటూ ఉరికే నాడెలో దారం కండె ఉంటుంది, దారం అయిపోగానే సాంచ ఆగుతుంది. మామ ఖాళీ కండె ఊడదీసి, నిండుది తొడిగి, నాడెను మళ్ళీ లోపల పెట్టి సాంచ నడిపిస్తాడు. పసుపు సంచి చేతిలోనే పట్టుకుని నేను ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టాను. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. నాకు ఒక్క తూటా పట్టే సమయంలో ఆయన పని ముగించి పక్క సాంచకు పోతున్నాడు. పైగా ఒక్కసారి కూడా చేతుల వైపు చూడలేదు.

“మామా, నువ్వు చేతి దిక్కు చూడవా?” అని అరిచాను.

“చెయ్యి యాడికి పోతది అల్లుడా? నాతోనే ఉంటది. బట్ట దిక్కు చూడాలె!”

ఇది ముప్పై మూడో కారణమవుతుందేమోనని పుస్తకం తీశాను. చాయ్ కోసం ముగ్గురం బయటికి వచ్చాక మామ పుస్తకమంతా తిప్పి చూసి, “అబ్బో, ఇంజినీరు సాబ్ మస్తు రాసిండు. ఏదీ, చేసి చూపియ్యి” అన్నాడు. పైపు ఎడమచేత పట్టుకుని కుడిచేత్తో నింపి చూపించాను. నాలుగింట్లో రెండు నేల మీద పడ్డాయి. మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ రెండే. పైపు పక్కన పెట్టి తూటాలు ఏరి జేబులో వేసుకుని లేస్తుండగా, చెప్పాపెట్టకుండా ఒక ఖాళీ కండె నా మొహం మీదికి విసిరాడు. పట్టుకున్నాను.

“ఏ చేత్తోని పట్టినవ్?”

చూసుకుంటే ఎడమచేతిలో ఉంది.

అత్త నవ్వింది. “వాడు పుర్రచేతోడే కదా! చిన్నగున్నప్పుడు అన్నం గూడ ఆ చేత్తోనే తింటుండె. మా వదిన ఆ చేతికి గుడ్డ కట్టి మాన్పిచ్చింది.”

“ఇది నీ బుక్కుల రాసినవా?” అన్నాడు మామ.

రాయలేదు. గాలిలో తేమ రాశాను, గోరు పొడవు రాశాను, తూటా నునుపు రాశాను. నింపుతున్న చెయ్యి ఎవరిదో రాయలేదు. ఫోన్‌లో చూసిన వీడియోలో ఎవరో కుడిచేత్తో నింపాడు, నేనూ కుడిచేత్తో నింపాను. ముప్పై రెండు కారణాల్లో నేను లేను.

పట్టీని అటు పక్కకు తిప్పి కట్టుకున్నాను. మిగిలిన రోజులన్నీ ఎడమచేత్తో, కళ్ళు ఎదుటి గోడ మీద పెట్టి సాధన చేశాను. నేల మీద టకటక ఆగిపోయేసరికి అమ్మకు అనుమానమొచ్చి రెండుసార్లు గదిలోకి తొంగిచూసింది. మూడో అవకాశంలో ఏడు సెకన్లు పట్టింది. సుబేదార్ సాబ్ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసి, నా పేరు జట్టులో రాశాడు. ఎరువుల దుకాణం అన్న నా భుజం తట్టి, “మంచిగైంది తమ్మీ, నాకు గిరాకి టైం గిది” అని చాయ్‌కి వెళ్ళిపోయాడు.

పోటీ రోజున నా ఎడమచెయ్యి చేసిన పని ఎవరైనా చూసి తీరాల్సిందే. నాలుగు తూటాలూ తడబాటు లేకుండా, నీళ్ళు పోసినట్టు లోపలికి జారిపోయాయి. ఆ అద్భుతాన్ని అందరికంటే శ్రద్ధగా చూసింది నేనే. ఇరవై ఏళ్ళు గుడ్డ కట్టించుకున్న చెయ్యి అంత ముద్దొచ్చింది మరి. పలకల వైపు చూడాలన్న సంగతి కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆరింట్లో ఒకటి పడింది. సుబేదార్ సాబ్ నిలబడే ఉన్న అయిదు పలకలనూ వేలితో లెక్కపెట్టాడు. “బేటా, లోడింగ్ మాత్రం ఫస్ట్ క్లాస్” అన్నాడు చివరికి. “నిశానా ఇంకెవరన్నా కొడితే మనం గెలుస్తుంటిమి.” సాయంత్రం మామకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. సాంచాల మోతలోంచి ఆయన గొంతు గట్టిగా వినిపించింది. “అంటే కండెలు మంచిగనే మారుస్తున్నవ్ అల్లుడా! బట్టనే వస్తలేదు!”

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ముప్పై రెండు కారణాలు ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. వాటి కింద ముప్పై మూడోది ఎడమచేత్తో రాశాను, కోడి గీకినట్టుంటుంది: ‘చెయ్యి నాది’. తెరిచినప్పుడల్లా ఆ పై ముప్పై రెండూ రాసినవాడి మీద నవ్వొస్తుంది గానీ కోపం రాదు. ఎంత ఓపికగా, ఎంత వరుసగా, ఒక్కటి తప్ప అన్నీ రాశాడు! ఇప్పుడు నాకు ఆ తప్పు లేదనుకుంటాను. కానీ షోరూంలో ఎప్పుడైనా చాయ్ గ్లాసు బల్ల అంచు నుంచి జారితే, నేను అనుకునేలోపే ఎడమచెయ్యి దాన్ని గాల్లో పట్టేస్తుంది. నేను దానివైపే మురిసిపోయి చూస్తుంటాను. ఈలోగా చాయంతా ఒలికిపోతుంది.