బావ నేర్చుకోనన్న పని

మా బావ పెయింటరు. గోడకీ కప్పుకీ మధ్య టేపు అంటించకుండానే తిన్నగా గీత లాగేవాడు. పరంజా మీద నుంచి పడ్డాక నడుము కింద స్పర్శ పోయింది కానీ నోరు మాత్రం చెక్కు చెదరలేదు.

వెన్నుపాము దెబ్బతింటే కాళ్లే పోతాయనుకున్నాం. మూత్రాశయం నిండిన సంగతి కూడా తెలియదని, నాలుగైదు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టి ఖాళీ చేయాలని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. అక్క నేర్చుకుంది. చేతులు బంగారంలా ఉన్న బావ మాత్రం "నా వల్ల కాదు" అని మొండికేశాడు.

అక్క బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఒకటో తారీఖుకి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అలవాటు పడతాడని ముందు కొన్నాళ్లు పగటిపూట ఆయన్ని ఇంట్లో వదిలి బయటికి వెళ్లి చూసింది. బావగారి తెలివి చూడండి, ఆమె వచ్చేదాకా చుక్క నీళ్లు ముట్టకుండా కూర్చునేవాడు. వారం తిరక్కుండానే చలిజ్వరం.

"నీళ్లు మానేస్తే మూత్రం ఊరకుండా ఉంటుందా? లోపల నిలవుంటే కిడ్నీలకే ఎసరు!" అని నర్సమ్మ చీవాట్లు పెట్టింది.

దొరికిందే సందని నేనూ అందుకున్నాను. "అంతెత్తున వేలాడిన మనిషివి, ఇంత గొట్టానికి భయమా బావా?"

ఆయన నా వైపు చూడలేదు. అక్కతో అన్నాడు: "ఆ పనికైనా నా పక్కన కూర్చుంటున్నావు. అదీ నేనే చేసుకుంటే ఇంక నాతో నీకేం పని?"

ఎందుకు వాగానా అనిపించింది. అక్కకి మాత్రం ఒళ్లు మండింది.

"పనుండి కాపురం చేస్తున్నానా నీతో? మతుండే మాట్లాడుతున్నావా?" అంటూ సబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

చేతులు కడుక్కోవడం, గొట్టానికి జెల్లీ రాయడం, అడ్డు తగిలితే నెట్టకుండా ఆగి ఊపిరి తీసుకోవడం, అన్నీ నర్సమ్మ దగ్గరుండి నేర్పింది. మొదట్లో దుప్పటి తడిసేది, పక్కనున్న పాపానికి బావ తిట్లు నాకు పడేవి.

ఒకటో తారీఖు సాయంత్రం అక్క పని నుంచి వచ్చింది. సంచి పక్కన పడేసి, అలవాటు కొద్దీ చేతులు కడుక్కుని మంచం దగ్గరికి నడిచింది.

"అయిపోయింది. ఇంకేం పని లేదే," అన్నాడు బావ.

"తెలుసు. కాస్త జరుగు," అంది అక్క.