మోకాళ్ల మీద గోరింటాకు

మా చిన్నమ్మాయి మోకాళ్లు చూడగానే ఎదురింటి ఆంటీ నవ్వు ఆగిపోయింది. ఏదో కొంప మునిగిందని నాకు తెలిసింది అప్పుడే. కేక్ పళ్లెంతో ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరు వేశారు స్వీటీ ఇవి?" అంది ఇంగ్లిష్‌లో.

"అక్క! మెహందీ కోన్‌తో! ఇప్పుడు నేను మీలా ఉన్నానా ఆంటీ?" అని గిర్రున తిరిగి మోకాళ్ల వెనక కూడా చూపించింది చిన్నది.

ఆంటీది పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవి. అమెరికాలోని శాంటా క్లారాలో మా అపార్ట్‌మెంట్‌కి ఎదురు తలుపు వాళ్లదే. వయసులో మా అమ్మంత. సమోవా ఆడవాళ్లు తొడల నుంచి మోకాళ్ల కింది దాకా పొడిపించుకునే పచ్చబొట్లు ఆవిడకీ ఉన్నాయి. వాటిని మాలు అంటారు. దువ్వెన పళ్లలాంటి పనిముట్టుని కర్రతో తడుతూ పొడుస్తారట.

వీకెండ్స్‌లో నేను పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. లావుగా ఉన్నానని కెమెరా కనిపిస్తేనే తప్పుకునే ఆంటీ, మొన్న తనే అడిగి ఫోటో తీయించుకుంది. నడుముకి చుట్టుకున్న గుడ్డ మోకాళ్ల పైకి జరుపుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. కెమెరా స్క్రీన్ దగ్గరికి వంగి తన ఫోటో చూసుకుంది. తర్వాత, "పెద్ద ప్రింట్ వేయించు. హాల్లో పెడతాను" అంది. మా పిల్లలు ల్యాప్‌టాప్‌లో ఆ ఫోటో చూసి చిన్నదాని మోకాళ్ల మీద ఆ గీతలే దింపేశారు.

"సారీ ఆంటీ, వీళ్లకి తెలీక..."

"చిన్నపిల్లలు, వాళ్లదేం తప్పు?" పళ్లెం నా చేతికిచ్చింది. "ఇవి ఊరికే గీసుకునేవి కావమ్మా. పొడుస్తుంటే మా అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రింట్‌కి అప్పుడే పంపకు. నేను ఆలోచించుకోవాలి."

ఆవిడ వెళ్లాక చిన్నదాని మోకాళ్లకి సబ్బు, నిమ్మకాయ, కొబ్బరినూనె, అన్నీ రుద్దాను. రుద్దినకొద్దీ ఎర్రబడింది.

"బాగా పండిందిగా అమ్మా, ఎందుకు తిడుతున్నావ్?" అంది పెద్దది.

"కొన్నాళ్లకి అదే పోతుంది, టెన్షన్ పడకు" అన్నారు మావారు. నా టెన్షన్ ఆ రంగు గురించి కాదు. ఆవిడ ఇక కెమెరా ముందుకి రాదేమోనని.

మర్నాడు పొద్దున సీరియల్ తింటున్న పిల్లలకి చెప్పాను. "ఆంటీ కాళ్ల మీదున్నది డిజైన్ కాదు. వాళ్లవాళ్లు పక్కన కూర్చుని పొడిపించింది. ఆవిడ సిగ్గుపడి దాచట్లేదు, అపురూపమని దాచుకుంటోంది. ఎవరికి చూపించాలో ఆవిడిష్టం. సాయంత్రం ఇద్దరూ వెళ్లి సారీ చెప్పండి. ఫోటో సంగతి మాత్రం ఎత్తకండి. నేనూ ఎత్తను."