మట్టి కప్పిన నిప్పు

ఏప్రిల్ రెండో తేదీ ఉదయం శాన్ బల్దొమేరో ఊరంతా చర్చి ముందున్న మైదానం వైపు నడుస్తూ ఉంటే, డల్మాసియో సొతేలో ఒక్కడే ఊరికి వీపు పెట్టి, అల్లుడి పాత వ్యాను తోలుకుంటూ చిత్తడి నేలల వైపు పోతున్నాడు. ఇస్త్రీ చేసిన కోటు మీద యుద్ధంలో పాల్గొన్నవారికిచ్చిన పతకం ఉంది. ముఖంలో మాత్రం పండుగ కళ లేదు. ఆ దారిలో ప్రతి ఏడాదీ ఇదే రోజున వెళ్లడం, ప్రతి ఏడాదీ ఒంటరిగా తిరిగి రావడం అతనికి అలవాటే. ఇవాళ ఒంటరిగా తిరిగి రావడానికి వీల్లేదు.

బయలుదేరేటప్పుడు భార్య ఎర్మిందా వాకిట్లో నిలబడి అననే అంది.

"ఇన్నేళ్లూ రానివాడు ఇవాళ వస్తాడా? ఆ పెద్దావిడకి నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"ఆవిడ ఇద్దర్నీ చూడాలంది. ఒక్కణ్ణి కాదు."

"అయితే తాడు పట్టుకెళ్లు. దూడని కట్టినట్టు కట్టి తీసుకురా."

ఆ పెద్దావిడ డోన్యా ప్రాక్సెదెస్. పరానా నదికి అవతల, చాకో నుంచి బస్సులో వచ్చింది. ఎనభై దాటిన మనిషి. దక్షిణ సముద్రంలోని మాల్వినాస్ దీవుల కోసం జరిగిన యుద్ధంలో వీళ్ల ఫిరంగికి పెద్దగా ఉండి అక్కడే చనిపోయిన, కాబో హోదా సిపాయి లెగిసామోన్‌కు అక్క. మరుసటి ఏడాది తాను ప్రయాణం చేయగలనో లేదో తెలియదనీ, తమ్ముడి చివరి రోజున పక్కనున్నవాళ్లలో బతికున్న ఇద్దరినీ ఒక్కసారి చూసి వెళ్తాననీ కబురు పంపింది. ఆ ఇద్దరిలో ఒకడు ఫిరంగికి గురి పెట్టిన డల్మాసియో. రెండోవాడు గుండ్లు మోసి, పొయ్యి రాజేసి, అందరికీ మాటె ఆకుల కషాయం కాచి ఇచ్చిన అన్సెల్మో వెరోన్.

దారి పొడుగునా వ్యాను రేడియోలో, ఆ యుద్ధాన్ని తలుచుకునే ఊరి ఉత్సవం వినిపిస్తూనే ఉంది. ఉత్సవ సంఘానికి అధ్యక్షుడు సెన్యోర్ మైదానా. దస్తావేజులు రాసి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, యుద్ధానికి వెళ్లని వాడు. అతని ఉపన్యాసం అంటే డల్మాసియోకు ఒళ్లు మండుతుంది. అందులో క్రియలన్నీ కర్మణి ప్రయోగాలే. 'ఫిరంగి తరలించబడినది. స్థానము మార్చబడినది. ప్రాణము అర్పించబడినది.' ఎవరు తరలించారు, ఎందుకు మార్చారు, ఎవరి ప్రాణం, ఎలా పోయింది అన్న ప్రశ్నలకు ఆ వాక్యాలలో చోటుండదు. కర్త లేని వాక్యం వ్యాకరణం దృష్టిలో తప్పు కాకపోవచ్చు. మనుషులు మోసిన బరువును మనుషుల మీద నుంచి తప్పించడంలో మాత్రం దానంత గడుసుది ఇంకొకటి లేదు. పైగా ఈ ఏడాది సెన్యోర్ మైదానా ఎక్కడినుంచో యుద్ధంలో వీళ్లు పేల్చిన రకం ఫిరంగి ఒకటి తెప్పించి, గొట్టంలో సిమెంటు పోయించి, ఆకుపచ్చ రంగు వేయించి, మైదానం మధ్యన దిమ్మె మీద ఎక్కించాడు. అది సరిగ్గా మూలనున్న ఐస్‌క్రీం కొట్టు మీదికి గురిపెట్టి ఉంది. గురి పెట్టడమే పనిగా చేసిన డల్మాసియో ఆ మాట చెప్పబోతే, "అలంకారానికే గదండీ" అని నవ్వేశాడు.

అన్సెల్మో ఇంటి ముందు వ్యాను ఆగేసరికి అతను వసారాలో పీట మీద కూర్చుని, ఎద్దుకొమ్ము లోటాలో చల్లనీళ్ల మాటె పీలుస్తున్నాడు. బనీను మీద ఉన్నాడు. కాళ్లకు చెప్పులైనా లేవు.

"వచ్చావా చామిగో," అన్నాడు, ఆ ప్రాంతంలో స్నేహితుణ్ణి పిలిచే పిలుపుతో. "కూర్చో."

"కూర్చోవడానికి రాలేదు. చొక్కా వేసుకో."

"చొక్కా ఉతకలేదు."

"వ్యానులో నాదొకటి ఉంది."

"నీది నాకు వదులు. పెళ్లాం చేతి వంట తిని నువ్వు బలిశావు, నేను బలవలేదు."

"పోయిన ఏడు ఆవు ఈనుతోందన్నావు. అంతకు ముందు పన్ను నొప్పి. ఆ ముందు కూడా పన్ను నొప్పే. నీకసలు ఉన్న పళ్లెన్నిరా?"

అన్సెల్మో నవ్వి, కొమ్ములో నీళ్లు పోసి అందించాడు. డల్మాసియో తాగక తప్పలేదు. ఇచ్చిన మాటెను కాదనడం ఆ నేల మీద తిట్టుతో సమానం. తాగి తిరిగి ఇస్తూ, వసారా మూలనున్న గ్యాసు పొయ్యి వైపు అలవాటుగా చూశాడు. పశువులు కాసుకునే మనిషి, ఇంటి చుట్టూ ఎండుకట్టెలు గుట్టలుగా ఉన్న మనిషి, ఊరి నుంచి గ్యాసు బండ మోయించుకుని వండుకుంటాడు. యుద్ధం నుంచి వచ్చాక అతని పెరట్లో నేల మీద నిప్పు వెలిగిన రోజు లేదు. ఆదివారం మాంసం కాల్చే వాసన రాని ఇల్లు ఆ చుట్టుపక్కల ఇదొక్కటే.

దానికి కారణం వాళ్లిద్దరికీ తెలుసు.

ఆ దీవులలో చలి వాళ్లెరిగిన చలి కాదు. నిమ్మతోటల మధ్య, మొసళ్లు ఎండ కాచుకునే మడుగుల పక్కన పెరిగిన కుర్రాళ్లు అక్కడ వేళ్ల కొసలు తెలియక గుండ్లు మోశారు. నేల మెత్తన. పేల్చిన ప్రతిసారీ ఫిరంగి తోకలు, నేలకు ఊతంగా ఆనే ఆ వెనక కాళ్లు, నల్లటి మట్టిలోకి దిగబడేవి. ప్రతిసారీ పారలతో తవ్వి, ఎత్తి, డల్మాసియో మళ్లీ మొదటినుంచి గురి చూసుకోవాలి. తిట్టుకుంటూ తవ్వేవాళ్లు, తవ్వి మళ్లీ తిట్టుకునేవాళ్లు. సాయంత్రాలు అన్సెల్మో చిన్న గోతిలో నిప్పు రాజేసి నీళ్లు కాచేవాడు. అందరూ తాగాక, వాళ్లమ్మ చేసినట్టే, ఈ రాష్ట్రంలో ప్రతి తల్లీ చేసినట్టే, కణికల మీద మట్టి కప్పి పడుకునేవాడు. కప్పిన నిప్పు పొద్దున్నే కెలికితే మళ్లీ రాజుకుంటుంది. ఇక్కడ పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు.

కాని ఆ మట్టి మట్టి కాదు. ఏ కాలంలోనో కుళ్లిన గడ్డీ నాచూ పేరుకుని గట్టిపడిన పదార్థం. దీవులవాళ్లు దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. ఒకనాటి పొద్దున్న గోతికి దూరంగా నేలలోంచి సన్నగా పొగ లేచింది. నీళ్లు పోస్తే అక్కడ ఆగి ఇంకోచోట లేచింది. నేల లోపల్లోపలే కాలుతోంది. ఆ మధ్యాహ్నానికి పొగ గుడారం ఎత్తున నిలబడింది. శత్రువులు పొగ గుర్తు పట్టి కొడతారు, ఫిరంగిని గుట్ట అవతలికి మార్చమని కెప్టెన్ ఆజ్ఞ. ఇరుసు దాకా దిగబడిన చక్రాలను భుజాలతో తోస్తూ, వాళ్లు ఏ చాటూ లేని చోట ఉండగా సముద్రం మీది శత్రువుల ఓడ నుంచి గుండ్లు వచ్చాయి. లెగిసామోన్ ఫిరంగిని లాగే తాడు చేత్తో పట్టుకునే పడిపోయాడు.

"ఆవిడకి ఏం చెప్పను?" అన్నాడు అన్సెల్మో, కొమ్ములోకి చూస్తూ.

"చెప్పడానికేముంది? పేల్చిన ప్రతిసారీ గొట్టం ముందు మంట లేచేది. రోజుల తరబడి అక్కణ్ణుంచే పేల్చాం. వాళ్లకి మన చోటు ముందే తెలుసు. పొగ లేకపోయినా కొట్టేవాళ్లు."

"చాటున, ఫిరంగి గోతిలో ఉన్నప్పుడు కొట్టేవాళ్లు. బయట ఉన్నప్పుడు కాదు."

"తెలిసే మాట్లాడుతున్నావా? గురి చూసింది నేనా, నువ్వా?"

"ఈ మాట ప్రతి ఏడూ చెప్తావు చామిగో. నిజమైతే ఒక్కసారి చెప్తే సరిపోయేది."

డల్మాసియో లేచాడు. కోటు కింద చెమట. వ్యాను రేడియోలో బ్యాండు మొదలైంది. ఎన్ని ఏప్రిల్ నెలలు ఈ వసారాలో అరిగిపోయాయో, ఒకే ఓదార్పును ఎన్ని రకాలుగా మార్చి మార్చి చెప్పాడో, ఆ విసుగంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"సరే. నీదే. నీ నిప్పే. విన్నావా? నీ నిప్పు వల్లే కదిలాం, కదలబట్టే చచ్చిపోయాడు. ఆ చక్రానికి భుజం పెట్టి తోస్తూ నిన్ను తిట్టని తిట్టు లేదు. అతను పడ్డప్పుడు అతని వైపు కాదు, ముందు నీ వైపు చూశాను. చాలా? ఇప్పుడు చొక్కా వేసుకో."

అన్నాక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అన్సెల్మో కొమ్మును పీట పక్కన పెట్టాడు.

"చూశావు," అన్నాడు. "నాకు గుర్తుంది. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ అలా చూడలేదు. నేను పిచ్చాణ్ణన్నట్టు, జాలిగా చూస్తావు. దానికంటే ఇదే నయం."

లేచి పెరట్లోకి నడిచాడు. నాలుగు పుల్లలు విరిచి, వట్టి నేల మీద పేర్చి, గ్యాసు పొయ్యికి వాడే అగ్గిపెట్టెతో వెలిగించాడు.

"ఇప్పుడేం చేస్తున్నావురా?"

"నీళ్లు కాస్తున్నా. వేడి మాటె తాగి పోదాం."

"అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు పిలిచే వేళవుతోంది. తెలుస్తోందా?"

"కాగనీ."

కాగాయి. తాగారు. డల్మాసియోకు నాలుక కాలింది. ఆ సంగతి పైకి చెప్పలేదు. లేస్తూ, చిన్నప్పటి అలవాటు కొద్దీ బూటు కాలితో పక్కనున్న మట్టిని కణికల మీదికి తోయబోయాడు.

"మట్టి కాదు. నీళ్లు," అన్నాడు అన్సెల్మో.

బావి నుంచి తోడి తెచ్చి పోశాడు. కర్రతో కెలికాడు. మళ్లీ పోశాడు. మోకాళ్ల మీద కూర్చుని అరచేయి నేలకు ఆనించి, ఇంకాస్త పక్కన ఆనించి, వేడి ఎంత లోతు దిగిందో చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇది మన మట్టి. కాలదు."

"అప్పుడూ అలాగే అనుకున్నా."

రేడియోలో పేర్లు పిలవడం మొదలైంది. కాబో లెగిసామోన్ పేరు వచ్చింది. ఆ పిలుపుకు బదులు పలకవలసినవాళ్లు పెరట్లో ఉండగా, బడిపిల్లలు ఎవరో నేర్పిన గొంతుతో కోరస్‌గా "ఉన్నాడు" అన్నారు. డల్మాసియో వ్యాను చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. అన్సెల్మో చెయ్యి నేల మీద నుంచి తీయలేదు.

వాళ్లు మైదానం చేరేసరికి బ్యాండువాళ్లు ఐస్‌క్రీం తింటున్నారు. సెన్యోర్ మైదానా వెళ్లిపోయాడు. పిల్లలు ఫిరంగి గొట్టం మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నారు. దిమ్మె నీడలో ప్లాస్టిక్ కుర్చీ మీద, సంచి ఒడిలో పెట్టుకుని, నల్లదుస్తుల్లో డోన్యా ప్రాక్సెదెస్ ఒక్కతే ఉంది. ఎదురుచూడ్డం తెలిసినదానిలా ఉంది.

"ఆలస్యానికి మన్నించండి డోన్యా," అని డల్మాసియో దారిలో కూర్చుకున్న వాక్యం మొదలుపెట్టాడు. అన్సెల్మో అతన్ని దాటి ముందుకు నడిచాడు. వదులు చొక్కా భుజాల మీంచి జారుతోంది. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మీ తమ్ముడి ఫిరంగి దగ్గర పొగ లేచింది డోన్యా. ఆ నిప్పు నేను వేసిందే. ఆర్పకుండా మట్టి కప్పాను."

ఆవిడ అతన్ని నిదానంగా చూసింది. తరువాత డల్మాసియో వైపు చూసింది, ఇది నిజమేనా అన్నట్టు. గొట్టం ముందు లేచే మంటల సంగతి, ఓడ సంగతి, తాను గురి చూసినవాణ్ణన్న సంగతి, అన్నీ ఒకదాని వెంట ఒకటి డల్మాసియో నాలుక చివరకు వచ్చాయి. కాలిన నాలుక. దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని ఊరుకున్నాడు.

"మట్టి కప్పితే పొగ ఎందుకొస్తుంది?" అంది ఆవిడ. "మా ఇంట్లో అమ్మా కప్పేది. వాడూ కప్పేవాడు."

"అక్కడి మట్టి వేరే డోన్యా."

"అయితే మొదటి నుంచి చెప్పు. నిలబడి కాదు, కూర్చుని చెప్పు."

కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు. డల్మాసియో పళ్లు కొరుక్కుంటూ, కుర్చీ అడగడానికి ఐస్‌క్రీం కొట్టు వైపు నడిచాడు. కొట్టు ముందు ఆగి వెనక్కి తిరిగి చూస్తే ఫిరంగి గొట్టం సరిగ్గా అతని మీదికే గురిపెట్టి ఉంది.