మేస్త్రి అల్లుడు సిమెంటు పూసిన పడవ

పడవత్తకు కోపమొస్తే నోట్లో మర్యాద పెరుగుతుంది. ఆ ఉదయం ఆమె, “అల్లుడుగారూ, ఓసారి ఇలా దయచేస్తారా?” అని పిలిచింది. అది విన్న కూతురు పొయ్యి మీది గిన్నె దించేసి బయటికి పరిగెత్తింది.

ఏటి ఒడ్డున అరెకరం పడవత్తది. ఏడాదికి ఎనిమిది నెలలు ఆ నేల మీద పాకలో బతుకు, ఏరు పొంగే నాలుగు నెలలు పడవలో. అందుకే ఊరందరికీ ఆమె పడవత్త. పక్కవాళ్లు గట్లు కట్టుకున్నారు. ఆమె కట్టలేదు. ఏరు తెచ్చే ఒండ్రే ఆమెకు ఎరువు. కోళ్లు, విత్తనాల కుండలు, డబ్బాల్లో పోసిన నారు పడవెక్కిస్తుంది. నీళ్లు తీయగానే దిగి బురదలో నాటేస్తుంది. మొగుడు పోయి పన్నెండేళ్లు, ఒక్క వంకాయ కొన్నది లేదు.

ఎండకు బోర్లించిన పడవ పలకలు ఎండి, సందులు విచ్చుకున్నాయి. ముందురోజు ఆమె పొరుగూరు వెళ్లొచ్చేలోపు, తాపీమేస్త్రి అయిన అల్లుడు ఆ సందులన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. పైన నున్నగా మెత్తాడు కూడా.

“చీమ కూడా దూరదత్తయ్యా!”

“చెక్కకు నీళ్లు తగిలితే ఏమవుతుంది బాబూ?”

“తడుస్తుంది.”

“ఉబ్బుతుంది! ఉబ్బిన పలక ఎక్కడికి పోవాలి, నీ నెత్తి మీదికా? మేకులు పీక్కుని విడిపోతుంది!”

మర్యాద అక్కడితో సరి.

నీళ్లు అప్పటికే చేను అంచుకొచ్చాయి. నాలుగు రోజుల్లో పాక మునుగుతుంది. పడవ లేకపోతే నారు పోయినట్టే, ఈ ఏడు పంట పోయినట్టే.

సిమెంటు గీకడానికి ఇద్దరూ ఉలులు పట్టారు. “పడవంటే గోడనుకున్నావా? మా ఆయన ముందే పోయి బతికిపోయాడు!” ఆమె తిడుతూనే గీకింది.

కూతురికి ఒళ్లు మండింది. “ఇన్నేళ్లలో మమ్మల్ని ఆ పడవ ముట్టుకోనిచ్చావా? నేర్పావా?”

ఆ మాట పడవత్తను ఇంకా మండించింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు. జనపనారకు గుగ్గిలం పట్టించి అల్లుడి చేతికిచ్చింది. “వదులుగా కుక్కు. పలక ఉబ్బడానికి చోటుండాలి.”

రెండోరోజు పడవను లోతులేని నీళ్లలోకి లాగి, తాడుతో కట్టి, అందులో రాళ్లు వేసింది.

“మునిగిపోతోంది అత్తయ్యా!”

“ముంచుతున్నాను కనకనే మునుగుతోంది! నాననీ, పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి.”

నాలుగోరోజు రాళ్లు తీసి నీళ్లు తోడారు. అప్పటికే ఏటి నీళ్లు పాక గుమ్మం తాకాయి. ఆమె పడవ అడుగున కూర్చుని సందు సందూ తడిమింది. ఒక్కచోట తడి ఊరుతోంది. అల్లుడు అడక్కుండానే నార అందుకుని వదులుగా కుక్కాడు.

నారు డబ్బాలు పడవెక్కాయి, కోళ్లెక్కాయి.

“నీతో నాకు మాటల్లేవు,” అంది పడవత్త. “గడ ఇలా కాదు పట్టుకునేది. ఇటు తిరుగు. ఇటు! చేతులా అవి, తాపీలా?”