బెంచీల విమానం

ఆ సినిమాలో మా నాన్న మూడు నిమిషాలు ఉంటాడు. ఆ మూడు నిమిషాలూ హాలంతా పగలబడి నవ్వింది. నేను ఐదో వరసలో మా టీమ్ మధ్య కూర్చుని, ఒళ్లో ఉన్న పాప్‌కార్న్ డబ్బాను రెండు చేతులతో నలిపేశాను.

తీసుకెళ్లింది ఆఫీసు వాళ్లే. ప్రాజెక్టు పూర్తయిందని కొండాపూర్‌లో భోజనం, తర్వాత పక్కనే ఉన్న మాల్‌లో సినిమా. ఎనభైల నాటి కథ. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకడు సూట్‌కేసు పట్టుకుని ఊరూరా తిరుగుతూ, గల్ఫ్ వీసాలు ఇప్పిస్తానని జనాన్ని నిండా ముంచుతాడు. వాడే హీరో. వాడి చిన్ననాటి పేదరికం చూపించారు, వాడి తల్లి దగ్గు వినిపించారు, వాడి ప్రేమకు రెండు పాటలు పెట్టారు. మునిగినవాళ్లకు కనీసం పేర్లు కూడా పెట్టలేదు. బొంబాయి స్టేషన్‌లో ఇరవై మందిని ప్లాట్‌ఫామ్ మీద కూర్చోబెట్టి, టీ పట్టుకొస్తానని చెప్పి వాడు కదిలే రైలెక్కుతుంటే మా వాళ్లు ఈలలు వేశారు. ఆ వారమే ఆన్‌లైన్ మోసాల మీద ఆఫీసులో అందరికీ శిక్షణ ఇచ్చారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పరీక్ష రాసి పాసైన మేధావులు, తెర మీద దొంగకు చప్పట్లు కొట్టారు.

"ఏం బుర్రండీ బాబూ వాడిది!" అంది మా టీమ్ లీడ్. కాకినాడ అమ్మాయి, మంచిదే. ఆ బుర్ర ఆరు నెలలు మా ఇంటి ముందుగదిలో కిరాయికి ఉంది.

జగిత్యాల దగ్గర మా ఊరు. నాన్న అక్కడ బడిపంతులు. ఊరికి దిగిన ఆ పెద్దమనిషి, బడి సారు ఇల్లయితేనే గౌరవంగా ఉంటుందని మా ఇంట్లో చేరాడు. అమ్మ చేసిన పప్పును మెచ్చుకుంటూ తిన్నాడు. దుబాయిలో పనులున్నాయన్నాడు. ఊళ్లో ఇంగ్లీషు రాయగలిగినవాడు నాన్న ఒక్కడే కాబట్టి, వెళ్లాలనుకున్న వాళ్ల ఫారాలన్నీ ఆయనే కూర్చుని నింపాడు. ఒక్కరి దగ్గర కప్పు చాయ్ కూడా తాగలేదు.

అంతటితో ఊరుకోలేదు నాన్న. వెళ్లేవాళ్లు విమానంలో కంగారు పడతారని బడి వదిలాక బెంచీలను ఒకదాని వెనుక ఒకటి వేయించేవాడు. అందరినీ వరసగా కూర్చోబెట్టి, నడుములకు తువ్వాళ్లు కట్టించి, ఇవే బెల్టులనుకొమ్మనేవాడు. ఆయన కూడా విమానాన్ని ఆకాశంలో తప్ప చూసింది లేదు, ఏదో పుస్తకంలో చదివాడు. పైకి లేచేటప్పుడు చెవులు గడియలు పడతాయని, పిప్పరమెంట్లు చప్పరించాలని చెప్పేవాడు. వాటిని పంచే పని నాది. నాకు ఏడేళ్లు. ఆ సాయంత్రాల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

తర్వాత జరిగింది సినిమాలో ఉన్నదే. బొంబాయిలో దిక్కులేక తిరిగి నెల తర్వాత వాళ్లు ఊరికి వచ్చారు. వాడు దొరకలేదు. ఫారాల మీద నాన్న చేతిరాత దొరికింది. ఆ కాగితాలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. వాళ్లలో మా అమ్మ తమ్ముడు కూడా ఉన్నాడు. "వాటా ఎంత ముట్టింది బావా?" అని అందరి ముందు అడిగింది మా మామే. నాన్న ఆ కాగితాల మీద తన చేతిరాతనే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన పదకొండేళ్లు బతికాడు. ఊళ్లో ఎవరూ ఆయన చేత ఒక ఉత్తరం ముక్క కూడా రాయించుకోలేదు. ఆయన పోయినప్పుడు మామ శ్మశానం దాకా వచ్చి, గడప తొక్కకుండానే వెళ్లిపోయాడు.

ఈ సంగతులు సినిమా వాళ్లకెలా తెలిశాయంటే, నా వల్లనే. ఆఫీసులో ఒకతని స్నేహితుడు కథ రాసుకుంటున్నాడంటే, నిజాంపేటలో మా ఫ్లాట్‌కు నేనే పిలిచాను. అతను రెండు ఆదివారాలు వచ్చాడు. అమ్మ చేతి పప్పు అమృతమన్నాడు. ఫోన్‌లో అంతా రికార్డు చేసుకున్నాడు. అమ్మ అతన్ని అడిగింది ఒక్కటే.

"నాకు గొప్పలేం వద్దు బిడ్డా. మా సారు దొంగ కాదు, ఆయనకు తెల్వదు. గంతే చూపెట్టు, సాలు."

"తప్పకుండానమ్మా. సారు గారికి న్యాయం చేస్తానండి," అన్నాడు.

చేసిన న్యాయం ఏమిటంటే, సోడాబుడ్డి కళ్లద్దాలు, జారిపోయే పంచె, నత్తి. బెంచీల మీద తువ్వాళ్లు కట్టుకున్న జనం. మధ్యలో చేతులు చాచి విమానంలా ఊగుతూ మా నాన్న. నాన్నకు నత్తి లేదు. ఆయన చదివితే గది చివరి పిల్లాడికి కూడా వినబడేది.

హాల్లోంచి బయటికి రాగానే ఆ కథ రాసినతనికి ఫోన్ చేశాను. "ఆ సీన్‌కి జనం ఎలా ఊగిపోతున్నారో చూశారా మేడమ్? అదే హైలైటండీ!" అన్నాడు. మా అమ్మకేం మాటిచ్చావని అడిగాను. "అమాయకుడనే చూపించాం కదండీ," అన్నాడు. వాడి గొంతులో తప్పు చేసిన ఛాయ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో కూర్చుని, మా పప్పు తిని, మా నోటితోనే అన్నీ చెప్పించుకుని పోయినవాళ్లు ఇప్పటికి ఇద్దరు. రెండోవాడిని తెచ్చింది నేను.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. దాచాలనుకున్నా కోపంలో దాచలేకపోయాను.

"నాయినను పిచ్చోన్ని చేసిన్రే అమ్మా. అందరు నవ్విన్రు."

"దొంగ అన్నరా?"

"అనలే. ఏం తెల్వనోడన్నరు."

అమ్మ కుర్చీలో కూర్చుంది. "నవ్వితే నవ్వనియ్యి. నవ్వేటోనికి తెలుస్తది గదా, సారుకు తెల్వదని."

"దొంగో, పిచ్చోడో, గీ రెండే ఉన్నయా మా నాయినకు?" అని అరిచాను.

"మొదటిది పోతే సాలు నాకు," అంది అమ్మ. తర్వాత ఫోన్ తీసి మామకు కలపమంది.

మామ ఇప్పుడు మూసాపేటలో కొడుకు దగ్గర ఉంటాడు. మాకు అరగంట దూరం. అన్నేళ్ల తర్వాత అక్క నోరు తెరిచి రమ్మంటే కాదనలేకపోయినట్టున్నాడు, ఆదివారం పొద్దుటి ఆటకు మెట్రో స్టేషన్ పక్కనున్న మాల్‌కు వచ్చాడు. సినిమా తర్వాత ఇంటికే తీసుకెళ్దామని అమ్మ తెల్లారకముందే లేచి వంట చేసి పెట్టింది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నేను అటు చివర కూర్చున్నాను.

బెంచీల సీను వచ్చింది. హాలు నవ్వింది. మామ ఇంకా గట్టిగా నవ్వాడు, తొడ చరుచుకుని. "అక్కా, గా ముంగట కూసున్నది నేనే!" అన్నాడు. అమ్మ తెర చూడటం మానేసి అతన్నే చూస్తోంది. అతను నవ్వుతున్నకొద్దీ ఆమె ముఖం విప్పారింది. అది చూసి నాకు మరీ మంట పుట్టింది.

ఆట వదిలాక ఎస్కలేటర్ దగ్గర మామ అమ్మ చేయి పట్టుకున్నాడు. "అచ్చం బావనే అక్కా. పాపం, బావకు ఏం తెల్వకుండె," అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. "నువ్వు గా బెంచీ మీద కూసున్నవ్ గదా మామా! నడుముకు తువ్వాల కట్టింది మా నాయిననే గదా! నీ కండ్లు చెప్తే నమ్మలేదు, సినిమావోడు చెప్తే నమ్ముతవా?" జనం ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

మామ తల వంచుకున్నాడు. తప్పించుకునే మాట ఏదో చెప్తాడనుకున్నాను.

"తెల్సు బిడ్డా," అన్నాడు. "నాకు గప్పుడే తెల్సు. వాడు దొరకకపాయె. ఎవలనో ఒకల్ని తిట్టాలె గదా. బావ ఎదురు మాట్లాడడని తెల్సు."

అమ్మ మెల్లగా తన చేయి వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్లలో ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడని కోపం చూశాను. నా కోపం దాని ముందు చిన్నపిల్ల అలక.

"తమ్మీ," అంది, "పదకొండేండ్లు బతికిండు ఆయన, నువ్వు అన్నంక. రోజూ వాకిట్ల కూసుండెటోడు. ఒక్కనాడు వచ్చి గీ మాట చెప్తే అయిపోతుండె."

మామ ఏదో అనబోయాడు.

"మెట్రో గటు దిక్కుంది," అంది అమ్మ. "ఇంటికి పో."