కనకాలపేట రైఫిల్‌కు బొట్టు

వేటగాళ్ల లోకానికి ముందుగా సాష్టాంగ క్షమాపణలు. ఇది వేట తుపాకీ కోసం చేసిన యాత్రే గాని, ఇందులో పిచ్చుక కూడా చావదు. రక్తం ఆశించినవారు ఇక్కడే దిగిపోవచ్చు.

నేను బి.ఏ. హిస్టరీ. పాత వస్తువేది కనబడినా నా అభిప్రాయం అడగడం మా క్లాసులో ఆనవాయితీ. ఒక క్లాస్‌మేట్ తాతగారి దగ్గర ఫ్రెంచివాళ్ల నాటి వేట రైఫిల్ ఉంది. దాని మీద నెంబరు కనబడక లైసెన్సు రెన్యువల్ ఆగిపోయింది. సోమవారానికి నెంబరు తేలకపోతే రైఫిల్‌ను స్టేషన్లో అప్పగించాలి. అందుకని ఒక నిపుణుడు కావలసివచ్చాడు. నేనే.

ఆదివారం ఉదయం ఏడింటికి కాకినాడలో బస్సెక్కాను. తాళ్లరేవు మీదుగా గంటంబావు ప్రయాణం, టిక్కెట్టు మూడు రూపాయలు. యానాంలో దిగి కనకాలపేటకు రెండు రూపాయలకు రిక్షా మాట్లాడుకున్నాను.

"తుపాకీ తాతగారింటికాండీ? ఆయ్, ఎక్కండి. అది పేలగా నేనెప్పుడూ వినలేదండి," అన్నాడు రిక్షా అతను.

రాఘవులు తాతగారు దుప్పటి మడతలు విప్పి రైఫిల్‌ను మంచం మీద పడుకోబెట్టారు. ఒంటి గొట్టం. లోపల మెలిదిరిగిన గాడులు. గుండు తిన్నగా పోయేది వాటివల్లే. అక్రోటు కర్ర మీద బొటనవేలు ఆనేచోట నున్నగా పల్లం పడింది. అది తాతగారి తండ్రి వేలట. గోదావరి లంకల్లో చెరుకు తొక్కే అడవిపందుల మీదికి వెళ్లేవారట. దొరలు వెళ్లిపోయాక దానికి సరిపడే తూటాలు రాలేదు. ముప్పయ్యేళ్లుగా అదీ పెన్షనరే. జోకులు మర్చిపోయి ఆ పల్లంలో నా వేలు పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

నెంబరు ఉండాల్సిన చోట మాత్రం పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి. ఏటా దసరాకి ఆయుధపూజ, ఏటా అక్కడే బొట్టు.

"కిరసనాయిలు గుడ్డతో తుడవాలండి," అన్నాను.

వంటింట్లోంచి మామ్మగారు గరిటెతో వచ్చారు. "బొట్టు చెరుపుతావా నాయనా? ఇంటికి మంచిదేనా? మా అత్తగారి చేతి బొట్టది!"

"చెరపకపోతే రేపు పట్టుకుపోతారే," అన్నారు తాతగారు. "అక్కడ దానికి బొట్టెవరు పెడతారు?"

మామ్మగారు గరిటె దించారు. "సరే. ఈ అబ్బాయే మళ్లీ పెట్టి గడప దాటాలి."

గంటన్నర పట్టింది. దసరాలన్నీ ఒక్కొక్కటే ఊడాయి, వాటి కింద తుప్పు, దాని కింద ఒక ఏడంకె, పక్కన మిగతా అంకెలు. అన్నీ లైసెన్సు పుస్తకంతో కలిశాయి. తాతగారు రైఫిల్‌ను ఒళ్లోకి తీసుకుని, భోజనానికి పిలిచేదాకా అలాగే కూర్చున్నారు. రొయ్యల ఇగురు గురించి రాస్తే మీరు తుపాకీ మర్చిపోతారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. చల్లగా ఉండాలని పెట్టిన బొట్టే దాని ఊరూ పేరూ కప్పేసింది. తప్పెవరిదో తేల్చడానికి నా బి.ఏ. చాలలేదు. వెళ్లేవారికి ఒక్క సలహా: పాత తుపాకీని ముట్టుకునే ముందు, అది ఖాళీగా ఉందని ఇంటివాళ్లచేతే తెరిపించి చూడండి.

ఇక నిజం చెప్పేస్తాను. తుడిచింది తాతగారు. కళ్లజోడు లేకుండా అంకెలు చదివింది మామ్మగారు. నిపుణుడు చేసింది ఒక్కటే, వచ్చేముందు బొట్టు పెట్టాడు. ఈసారి కర్ర మీద.